టెన్త్ చదివే కూతురున్న ఇంట్లో వీణ సాధన: ఆపాలా, సాగించాలా?

మాళవగౌళ (కూకట్‌పల్లి)
అందరికీ నమస్కారం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేస్తున్నాను. మా ఆయనవి షిఫ్టు డ్యూటీలు. పెద్దది వచ్చే మార్చిలో టెన్త్ పబ్లిక్ రాస్తుంది. చిన్నాడు మూడో తరగతి. మా అత్తగారు మాతోనే ఉంటారు.

చిన్నప్పటి నుంచీ వీణ మీద మోజు. అప్పట్లో ఇంట్లో స్తోమత లేదు, తర్వాత చదువు, పెళ్లి, పిల్లలు. నిరుడు దసరాకి బోనస్ డబ్బుతో వీణ కొనుక్కుని, దగ్గర్లో ఒక టీచర్ దగ్గర చేరాను. శని, ఆదివారాలు పొద్దున క్లాసు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, ఏడు అలంకారాలు అయ్యాయి. ఇప్పుడు మలహరి రాగం గీతాల్లో ఉన్నాను.

క్లాసుకి వెళ్లడం కష్టం కావడం లేదు. వచ్చిన చిక్కంతా సాధనతోనే. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, చిన్నాడి హోంవర్క్ చూసి వీణ ముందు కూర్చునేసరికి రాత్రి తొమ్మిదిన్నర. సరిగ్గా పెద్దది లెక్కలు ముందేసుకునే టైం అది. డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, తలుపేసినా వినబడుతుంది. మొన్న మా ఆడపడుచు వచ్చి "పిల్ల టెన్త్‌లో ఉంటే తల్లికి వీణలేంటి వదినా" అని నవ్వుతూనే అనేసి పోయింది. నవ్వుతూ అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది కదా.

ఈ ఏడాదికి ఆపేయాలా? ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్ (తెనాలి)
అమ్మా, నిష్ఠూరం అనుకోకు. ఆపేయమనే చెబుతాను. చాలా బ్యాచ్‌ల టెన్త్ పిల్లల్ని చూసినవాణ్ణి. ఆ వయసు పిల్లకి ఇంట్లో ఒకరు తన వైపే ఉన్నారన్న భరోసా కావాలి. వీణ ఎక్కడికీ పోదు. మార్చి నెలాఖరు దాటాక హాయిగా మొదలుపెట్టుకో. నాలుగు నెలలు ఆపితే సంగీతం మరిచిపోతావా?

కరీంనగర్ మగ్గం
మాస్టారూ, పెద్దవారు, గౌరవంతోనే అడుగుతున్నా. అదే ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకు నాన్న టీవీలో క్రికెట్ పెడితే ఆపేయమని ఎవరైనా పోస్టు పెడతరా? సౌండు తగ్గించమంటరు, అంతే. అమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొత్తానికే ఆపేయాలి.

నేను మగ్గం వర్క్ నేర్చుకున్నప్పుడు ఇదే కథ. "జాకెట్లు కుట్టించుకునే స్థోమత లేదా మనకు" అన్నరు. చెమ్కీలు, జర్దోసీ డబ్బాలు మంచం కింద పెట్టుకుని, మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నం ఇంట్లనే ఉంటరు కాబట్టి వాళ్లు పడుకున్నంకనే ఫ్రేము బయటికి తీసేదాన్ని. ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్ వస్తే వాళ్లే "ఆర్డర్లు ఎన్ని వచ్చినయ్" అని అడుగుతరు. డబ్బు వస్తే పని, రాకపోతే సరదా. ఆ లెక్క నాకు నచ్చదు. మీ వీణకి పైసా రాకపోయినా సరే, ఆపకండి.

నార్సింగి సైకిల్
సింపుల్ అక్కా. పొద్దున్నే లేవండి. నేను ఆదివారం నాలుగున్నరకి లేచి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఉన్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద నార్సింగి నుంచి కొల్లూరు దాకా వెళ్లొస్తాను. పైన సోలార్ ప్యానెళ్ల కప్పు, పక్కన ట్రాఫిక్ టెన్షన్ లేదు. 2023లో ట్రాక్ తెరిచినప్పటి నుంచి ఇదే రొటీన్. మనసుంటే టైం అదే దొరుకుతుంది. ఫ్యామిలీకి ఏ ఇబ్బందీ లేదు.

డాలస్ వదిన
ఫ్యామిలీకి ఏ ఇబ్బందీ లేదని ఫ్యామిలీ చెప్పిందా తమ్ముడూ, మీరే చెబుతున్నారా? ట్రాక్ మీద ఒక వైపే పద్నాలుగు కిలోమీటర్ల పైన. వెళ్లి, వచ్చి, దార్లో ఫ్రెండ్స్‌తో ఇడ్లీ తిని, ఇంటికొచ్చి స్నానం చేసి ఓ కునుకు తీస్తే ఆదివారం మధ్యాహ్నం అయిపోతుంది. అప్పటిదాకా పిల్లల టిఫిన్లు, తలంట్లు ఎవరి ఖాతాలో పడుతున్నాయో ఒకసారి కనుక్కోండి. గొడవకి అనడం లేదు. మా ఇంట్లో మారథాన్ వీరుడు ఒకరున్నారు కాబట్టి తెలుసు.

నార్సింగి సైకిల్
హహ వదినా, దొరికిపోయాను. మా ఆవిడకి చూపించాను మీ పోస్టు. స్క్రీన్‌షాట్ తీసుకుంది.

విజయనగరం వీణ
నేను వీణ నేర్పుతాను కాబట్టి సాధన సంగతి చెబుతాను. ఆపాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం.

ముందు శబ్దం. గుర్రం (తీగలు ఆనే చిన్న వంతెన) దగ్గర, తీగల కింద, చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి దూర్చండి. నాదం చచ్చిపోయి టక్ టక్ మని మాత్రమే వినిపిస్తుంది. పక్కగదిలోకి వెళ్లదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే సాధనకి అది పనికిరాదు గానీ, వేళ్లు ఏ మెట్టు మీద ఎప్పుడు పడాలో అలవాటు చేసుకోవడానికి చాలు. అలంకారాలు మూడు కాలాల్లో (వేగాల్లో) వాయించడానికి ఇంకేం అక్కర్లేదు.

రెండోది, వీణ లేకుండానే చేసే సాధన ఉంది. కూరలు తరుగుతూ, ఆఫీసు బస్సులో కూర్చుని, స్వరం నోటితో అనుకుంటూ తాళం వేసుకోండి. మలహరిలో ఆరోహణకి గాంధార నిషాదాలు లేవు, అవరోహణలో గాంధారం వస్తుంది, నిషాదం అప్పుడూ రాదు. గీతం నోటికి పూర్తిగా వచ్చాక వీణ పట్టుకుంటే సగం సమయం మిగులుతుంది. పెద్దవయసులో నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. వీణ ముందు కూర్చున్నాక పుస్తకం తిరగేస్తారు. ఉన్న ఇరవై నిమిషాలూ "స రి మ ప" వెతుక్కోవడానికే పోతాయి.

మూడోది, నాలుగు నెలలు ఆపితే మరిచిపోతారా అని మాస్టారు అడిగారు. మరిచిపోరు. కానీ ఎడమచేతి వేళ్ల మీద కట్టిన కాయలు మెత్తబడిపోతాయి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ నొప్పికి భయపడి మానేసినవాళ్లు నా దగ్గరే ఉన్నారు. అందుకని రోజుకి పది నిమిషాలైనా తీగ మీద వేలు పెట్టమంటాను. వారంలో ఒక్కరోజు గంటన్నర వాయించేకన్నా ఇది మేలు.

మాళవగౌళ
మేడం, రుమాలు చిట్కాకి వేల దండాలు. ఇవాళే పెట్టి చూశాను. మా చిన్నాడు వచ్చి "అమ్మా, వీణకి జలుబు చేసిందా" అన్నాడు.

వేళ్ల సంగతి ఎత్తారు కాబట్టి చెబుతున్నా. చూపుడువేలు, మధ్యవేలు కొసల మీద సారణి తీగ (వీణ మీద మొదటి తీగ) గీత పడి నల్లగా గాడి కట్టింది. ఆ వేళ్లతో పచ్చిమిర్చి తుంచినప్పుడు చూడాలి నా అవస్థ. గాడిలోకి కారం దిగి రాత్రంతా భగభగ. చపాతీ పెనం మీద తిప్పాలన్నా పట్టకారు వెతుక్కుంటున్నాను. ఇప్పుడు మిర్చి తరిగే డ్యూటీ మా ఆయనది. అడక్కుండా తీసుకున్న డ్యూటీ అదొక్కటే.

అమ్మాయిని కూర్చోబెట్టి నేరుగా అడిగాను. వాయించడం వల్ల ఇబ్బంది లేదంది. "ఒకే ముక్క తప్పు వాయించి మళ్లీ మొదటి నుంచి వస్తావు చూడు, అప్పుడు నాకు లెక్క పోతుంది" అంది. పాట పూర్తిగా వాయిస్తే ఏమీ కాదట. ఇంతకాలం ఊళ్లోవాళ్లు ఏమనుకుంటున్నారో ఆలోచించాను గానీ, దాన్ని మాత్రం అడగలేదు.

కాకినాడ మామ్మ
అందరూ అన్నీ చెప్పారు. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను, మనవలకి అన్నాలు పెట్టే వైపు నుంచి.

మా కోడలు కూచిపూడి నేర్చుకుంటోంది. పెళ్లికి ముందు ఆపేసింది, ముప్పైఆరో ఏట మళ్లీ గజ్జె కట్టింది. నాకు సంతోషమే. దాని అరంగేట్రానికి పట్టుచీర నేనే కొనిపెడతానన్నాను. అయితే క్లాసు శనివారం సాయంత్రం. శనివారం సాయంత్రం మా వీధి గుళ్లో భజన. ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నాను. క్లాసు మొదలైన దగ్గర్నుంచి నా భజన పోయింది. అలా అని ఎవరూ నన్ను వెళ్లొద్దనలేదు. "అత్తయ్యా, మీరు ఉంటారు కదా" అని ఒక్క మాట అనేసి స్కూటీ తీసింది. నేను ఉంటాను. ఎక్కడికి పోతాను? కానీ ఉంటారా అని అడగడం వేరు, ఉంటారు కదా అనడం వేరు.

మీరందరూ టైం దొరికింది, టైం చేసుకున్నాం అంటున్నారు. రోజుకి ఇరవై నాలుగు గంటలే. మీకు దొరికిన గంట ఎవరో ఒకరి దగ్గర తగ్గే ఉంటుంది. అమ్మాయ్, కూకట్‌పల్లి అమ్మాయ్, మీ అత్తగారు శని ఆదివారాలు పొద్దున ఏం చేసేవారో మీకు తెలుసా?

కరీంనగర్ మగ్గం
మామ్మగారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టిన.

డాలస్ వదిన
మామ్మగారూ, ఇక్కడ మాకు అత్తగారు లేరు, అమ్మ లేదు. ఆ గంట మొగుడి దగ్గర తీసుకోవాలి, లేదా డబ్బిచ్చి బేబీసిట్టర్ దగ్గర కొనుక్కోవాలి. కొనుక్కున్నప్పుడు కనీసం దాని ధర ఎంతో తెలుస్తుంది. ఇండియాలో ఇంట్లోనే దొరుకుతుంది కాబట్టి ధర కనపడదు. మీరు ఇవాళ బిల్లు చూపించారు.

నా సంగతి కూడా చెప్పేస్తా. ఇండియాలో ఉన్న టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో గాత్రం నేర్చుకుంటున్నా. ఆవిడకి పొద్దున ఏడు, నాకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు పడుకునే టైం, ఎలాగో సర్దుకున్నా. నవంబరులో ఇక్కడ గడియారం గంట వెనక్కి జరిపితే అదే క్లాసు ఏడున్నరకి వచ్చి పడింది. భోజనాల టైం! ఆవిడకి ఈ గడియారాల గోల చెప్పి అర్థం చేయించడానికే ఒక క్లాసు పట్టింది. ఇంకోటి, ఆన్‌లైన్‌లో టీచరుతో కలిసి పాడటం అవదు. నెట్‌లో స్వరం ఆలస్యంగా వస్తుంది కదా, ఇద్దరూ కలిసి తాళం వేస్తే ఆదితాళం కాస్తా అనాథతాళం అయిపోతుంది. ఆవిడ పాడాక నేను పాడాలి. క్లాసు మెల్లగా నడుస్తుంది. ఎంచుకునే ముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

పైథాన్ నాన్న (గుంటూరు)
మగవాళ్ల తరఫున సైకిల్ బ్రదర్ పరువు తీశాడు కాబట్టి కొంచెం నిలబెడతా.

బ్యాంకులో క్లర్కుని. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సు చేస్తున్నా. పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు. వారానికో అసైన్‌మెంట్, బుధవారం రాత్రి లోపు సబ్మిట్ చేయాలి. చివరి మార్కుల్లో అసైన్‌మెంట్లకి 25, సెంటరుకి వెళ్లి రాసే పరీక్షకి 75. రెండింట్లోనూ విడివిడిగా కనీస మార్కులు వస్తేనే సర్టిఫికెట్.

ఇక్కడ నాకు కలిసొచ్చింది ఆ బుధవారమే. గడువు నేను పెట్టుకున్నది కాదు, బయటి నుంచి వచ్చింది. "నాన్నకి బుధవారం పరీక్ష" అని మా ఆరో తరగతి వాడికి కూడా తెలుసు. మంగళవారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద వాడొక వైపు, నేనొక వైపు. నేను తప్పు కోడ్ రాసి ఎర్ర అక్షరాలు వస్తే వాడి ఆనందం చెప్పనలవి కాదు. హాబీ అంటే ఇంట్లో ఎవరూ దారి ఇవ్వరు. పరీక్ష అంటే ఇస్తారు. తెలుగిళ్లలో పరీక్షకి ఉన్న గౌరవం దేవుడికి కూడా లేదు. మాళవగౌళ గారూ, మీరు కూడా ఏదైనా సంగీతం సర్టిఫికెట్ పరీక్షకి పేరు ఇచ్చి చూడండి. మీ ఆడపడుచు నోరు దానంతటదే మూతపడుతుంది.

ఒక్క మాట. ప్రతి బుధవారం మా ఆవిడ సీరియల్ టైంలో అంట్లు నేను తోముతాను. మామ్మగారి లెక్క ప్రకారం బాకీ లేదనుకుంటున్నా.

కాకినాడ మామ్మ
వడ్డీ ఉంటుంది నాయనా.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్
కరీంనగర్ అమ్మాయి అడిగింది సబబే. టీవీ ఆపమని నేను ఏ తండ్రికీ చెప్పిన గుర్తు లేదు. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ప్రీ ఫైనల్స్ నుంచి పబ్లిక్ అయ్యేదాకా క్లాసులకి వెళ్లొద్దనే అంటాను. సాధన ఇంట్లో చేసుకోమనండి, రుమాలు పెట్టుకుని. పిల్ల అర్ధరాత్రి దాకా చదువుతుంటే పక్కన ఇంకొకరు కూడా ఏదో నేర్చుకుంటూ కూర్చోవడంలో మంచి ఉంది, అది ఒప్పుకుంటున్నాను. మా నాన్నగారు రేడియోలో ఈమని శంకరశాస్త్రి గారి వీణ వస్తుంటే మమ్మల్ని పుస్తకాలు మూయమనేవారు. మేం దానివల్ల ఫెయిలయింది లేదు.

మోడరేటర్
సీరియళ్ల మీద మొదలైన ఉపచర్చని వేరే దారంలోకి (థ్రెడ్‌లోకి) మార్చాను. ఇక్కడ విషయానికి కట్టుబడండి.

మాళవగౌళ
మామ్మగారూ, మీ ప్రశ్నకి జవాబు. తెలుసని అనుకున్నాను, అయినా వెళ్లి అడిగాను. ఆదివారం పొద్దున అత్తయ్యా, కింద ఫ్లోర్ ఆవిడా కలిసి రైతుబజారుకి నడిచి వెళ్లేవారు. కూరగాయల కంటే కబుర్లే ముఖ్యం. ఇప్పుడు కింద ఫ్లోర్ ఆవిడ ఒక్కతే వెళ్తోందట. "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు, పోనిద్దూ" అన్నారు.

పోనివ్వలేదు. రాత్రి అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. తేలింది ఇదీ. ఆదివారం క్లాసు తీసేశాను, టీచర్ ఒప్పుకున్నారు. శనివారం ఒక్కటే. ఆ శనివారం పొద్దున చిన్నాడి బాధ్యత మా ఆయనది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినా సరే, పదకొండు దాకా మేలుకుని ఉండి ఆ తర్వాతే పడుకుంటారు. ఆయన మొహం చూస్తే పెద్ద సంతోషంగా లేరు. కానీ ఒప్పుకున్నారు.

రాత్రి తొమ్మిదిన్నర సాధన కూడా మార్చాను. పొద్దున నాలుగింటికి లేవడం నా వల్ల కాదు. నిద్ర తగ్గించుకుని నేర్చుకుంటే ఆ చిరాకు పిల్లల మీదే పడుతుంది. అందుకని ఇంటి పనిలోనే ఒకటి తీసేశా. ఇడ్లీపిండి, దోసెపిండి ఇంట్లో రుబ్బడం మానేశాను. సందు చివర గ్రైండర్ షాపులో కొంటున్నాం. పప్పు కడగడం, నానబెట్టడం, రుబ్బడం, ఆ గ్రైండరు రాళ్లు కడుక్కోవడం, అన్నీ కలిపి ఎంత సమయం తినేవో ఇప్పుడు తెలుస్తోంది. కొన్న పిండి పులుపు ఎక్కువని అత్తయ్య సణుగుతున్నారు. నిజమే, పులుపే. రవ్వ కలిపి ఊతప్పం వేసేస్తున్నా.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, స్టవ్ వెలిగించకముందే, ఇరవై నిమిషాలు. అమ్మాయి ట్యూషన్ నుంచి రాకముందే అయిపోతుంది. ప్రీ ఫైనల్స్ వచ్చాక క్లాసు సంగతి దాన్నే అడిగి చూస్తాను, మాస్టారూ.

కరీంనగర్ మగ్గం
పిండి కొనుక్కోవడమే విప్లవం ఇక్కడ. మా ఇంట్లో ఇంకా ఒప్పుకోలే.

కొత్త సభ్యురాలు (నల్లకుంట)
దారం మొత్తం చదివాను. నాకూ నలభై దాటాయి, వీణ నేర్చుకోవాలని ఉంది. పరీక్షలు రాసేలా ఎక్కడ నేర్పుతారు? వీణ కొత్తది కొనాలా, పాతది తీసుకోవచ్చా?

విజయనగరం వీణ
నల్లకుంట నుంచి మీకు రామ్‌కోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల దగ్గర. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. అడ్మిషన్లు, టైమింగ్స్ కాలేజీకి వెళ్లి కనుక్కోండి. విజయవాడ వైపు వాళ్లకి ఘంటసాల పేరుతో ఉన్న కళాశాల, మా వైపు 1919లో పెట్టిన విజయనగరం మహారాజా సంగీత కళాశాల ఉన్నాయి.

పాత వీణ నిక్షేపంగా తీసుకోవచ్చు. కుండకి (గుండ్రటి భాగానికి), దండికి (పొడవాటి మెడకి) పగుళ్లు లేకుండా చూసుకోండి. ఇరవై నాలుగు మెట్లలో ఒక్కో దాని మీదా మీటి చూడండి, గీరుకున్నట్టు శబ్దం వస్తే మెట్టు అరిగిందని. మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి కాబట్టి మళ్లీ కూర్పించుకోవచ్చు, దానికి భయపడక్కర్లేదు. చెక్క పగిలితేనే బాధ. కొత్తది కావాలంటే మా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసచెక్కతో చేస్తారు. ఒకే దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణ అయితే బరువూ ఎక్కువ, ధరా ఎక్కువ. నేర్చుకోవడానికి మామూలుది చాలు.

కొత్త సభ్యురాలు (నల్లకుంట)
థాంక్యూ మేడం. ఎండాకాలంలో కారు డిక్కీలో పెట్టి తీసుకెళ్లొచ్చా? మావారు ఆఫీసు నుంచి వస్తూ తెస్తానంటున్నారు.

విజయనగరం వీణ
వద్దండీ. ఎండలో ఆగిన కారులో మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. సాయంత్రం పూట తెమ్మనండి, వెనక సీట్లో పడుకోబెట్టి.

మాళవగౌళ
మేమైతే ఆటోలో తెచ్చుకున్నాం, నేను, మా అమ్మాయి చెరో పక్క పట్టుకుని. ఆటో అతను కూకట్‌పల్లి దాకా ఒక్క గుంతలో పడెయ్యలేదు. మామూలుగా వెళ్లేటప్పుడు అంత జాగ్రత్త ఎందుకుండదో!